మొదటి కొక్కెం

మా ఊరు క్లాటెన్‌లో ఆదివారం పిట్టల పాటల పోటీ ఉందంటే పెళ్లిళ్లు కూడా వాయిదా పడతాయి. మా అక్క కొడుకు త్రియోనో పెళ్లి మాత్రం ఆ పోటీ మీదే ఆధారపడింది. పిల్ల రతిహ్‌కి వాడంటే ఇష్టమే. చిక్కంతా ఆమె తండ్రి పాక్ సుకర్జో దగ్గరే. పాక్ అంటే మా వైపు పెద్దవాళ్ల పేరుకు తగిలించే 'గారు'.

పాక్ సుకర్జో తన మురై జాతి పిట్టను కూతురికంటే గారాబంగా పెంచాడు. అక్షరాల వరుసలో అందరికంటే ముందు పిలవాలని దానికి అబిమన్యు అని పేరు పెట్టాడు. పిలవడం నా పని. త్రియోనో రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం, పట్టికలో ఒక్కో వరుసా దాటుకుంటూ పిట్ట పేరు, యజమాని పేరు తెర మీద చూపిస్తుంది. నేను మైకులో చదువుతాను, పంజరం కొక్కేనికి ఎక్కుతుంది. తెర మీద రాని పిట్ట ఎక్కదు. వరుస గురించి జనం కొట్టుకుంటుంటే కమిటీ పెట్టిన నియమం అది.

తీరా చూస్తే అబిమన్యు పేరు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పాక్ సుకర్జో పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చుని కూర్చుని లేచాడు. పోతూ పోతూ త్రియోనోతో అన్నాడు: "వచ్చే ఆదివారం కూడా నా పిట్టను పిలవకపోతే మా గుమ్మం తొక్కకు."

పట్టిక తెరవగానే ప్రోగ్రాం మొదటి వరుస మీదే నిలబడుతుందట. మనవాడు దాన్ని చదవకముందే తర్వాతి వరుసకు పొమ్మని రాశాడు. చదివి కదలాల్సింది కదిలి చదువుతోంది. ఇంత చదువూ ఇందుకే వెలగబెట్టాడు. శనివారం ఫోన్ చేసి నా దగ్గర ఏడ్చి, సరిచేస్తానులే అన్నాడు.

వాడి 'చేస్తానులే' సంగతి నాకు తెలుసు. దాటేయడానికి ఏదో ఒకటి ఉంటే సరి కదా అని కమిటీ గదికి వెళ్లి, పట్టికలో అన్నిటికంటే పైన 'అఅ' అనే లేని పిట్టను ఎక్కించాను. యజమాని గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు, త్రియోనో పేరు కొట్టాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఆ సాయంత్రమే వాడు నిజంగానే ప్రోగ్రాం సరిచేశాడు. ఆ సంగతి వాడూ నాకు చెప్పలేదు.

ఆదివారం తెర మీద మొదట అఅ వచ్చింది. వచ్చింది చదవక తప్పదు. మొదటి కొక్కెం అఅకి, యజమాని త్రియోనో అని చదివాను. అబిమన్యుకి రెండో కొక్కెం.

"నా పిట్టకంటే ముందు నీ పిట్టా? ఏదీ, చూపించు," అన్నాడు పాక్ సుకర్జో.

త్రియోనో నా వైపు చూశాడు. నేను మైకు వైపు చూశాను. పారిపోతాడనుకున్నాను. వాడు మాత్రం నడిచి వెళ్లి ఖాళీ కొక్కెం కింద నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచీ వాడికి సరిగ్గా అబ్బిన విద్య అదొక్కటే.

పక్క కొక్కెం మీద అబిమన్యు తోక విదిలించింది. తనకు పోటీగా ఎవడో వచ్చాడనుకుని గొంతెత్తింది. ఏ పిట్టా అలా పాడగా నేను వినలేదు. నిజం చెప్పొద్దూ, నా కళ్లు చెమర్చాయి. న్యాయనిర్ణేత గెలుపు జెండా తెచ్చి దాని కిందే పాతాడు.

పాక్ సుకర్జో పంజరం దించుకుని త్రియోనోని కిందినుంచి పైదాకా చూశాడు. రతిహ్ వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"ఆ ప్రోగ్రాం ఇకమీదట ఇంకెవరి చేతైనా రాయించండి," అని నాతో అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "వీణ్ని మాత్రం ఇంటికి తీసుకురా. రోజూ పొద్దున్నే పిట్ట పక్కన నిలబెట్టాలి."