గోడ వంకర కాదు

కంట్లో పెట్టుకునే లెన్సు కింద పడితే, దాన్ని వెతకడానికి కంట్లో లెన్సు ఉండాలి. ఇంత చిన్న సంగతి తయారుచేసినవాళ్ళకి ఎందుకు తట్టలేదో గుమాస్తాగారికి అర్థం కాదు. రోజూ పొద్దున వాష్‌బేసిన్ దగ్గర అది జారుతుంది. "ఎక్కడివాళ్ళు అక్కడే" అంటారాయన. భార్య చేతిలో గరిటెతో బొమ్మలా నిలబడిపోతుంది. చివరికి లెన్సు ఆయన బనీనుకే అంటుకుని ఉంటుంది.

ఈ గొడవకి మూలం ఎప్పటిదో. కూతురు పాలుతాగే పిల్లగా ఉన్నప్పుడు, ముద్దు పెట్టుకోబోయిన నాన్న కుడికంట్లో గోరు దింపింది. గాయం మానింది. నల్లగుడ్డు మీద మాత్రం సన్నటి తెల్లమచ్చ ఉండిపోయింది. ఆ కంటికి గీతలు వంగేవి, వీధిదీపాలకి తోకలు మొలిచేవి. ఎడమకన్ను నిక్షేపంగా ఉండటంతో ఆయన పట్టించుకోలేదు. పిల్ల పెద్దయ్యాక బాధపడుతుందని, అడిగినవాళ్ళందరికీ కిటికీ ఊచ గీరుకుందని చెప్పేవారు. వాళ్ళ కిటికీకి ఊచలే లేవని ఎవరూ అనలేదు.

ఆయనకి పటాలు తగిలించే పిచ్చి. టైపు పరీక్ష సర్టిఫికెట్, ఆఫీసు గ్రూపు ఫోటో, ఇంట్లో ఎవరూ చూడని మంచుకొండ, అన్నీ గోడెక్కాయి. మేకు కొట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఎడమకన్ను మూసి కుడికంటితో గురి చూసేవారు. చిన్నప్పుడు గోళీలాటలో అలవాటైన కన్ను. దెబ్బ తగిలాక కూడా దాన్ని మార్చలేదు. ఆ కంటికి తిన్నగా కనిపించేదాకా జరిపి, హమ్మయ్య అనుకునేవారు. రెండు కళ్ళూ తెరిస్తే పటం ఓ పక్కకి ఒరిగి ఉండేది. అది గోడ వంకరని తేల్చేసి, ఇంటి ఓనరుతో మాటలు మానేశారు.

వంకర పటాలదేనని భార్య అనలేదు. పటం సంగతి ఎత్తితే కన్ను దాకా వస్తుంది, కన్ను సంగతి ఎత్తితే గోరు దాకా వస్తుంది. తల్లీకూతుళ్ళు తల కాస్త వంచి చూడటం నేర్చుకున్నారు. ఎవరింట ఫోటో తీసినా ఇద్దరి తలలూ ఒకే వైపు.

ఈమధ్య కూతురు ఉద్యోగానికి దగ్గరగా ఓ ఫ్లాట్‌లోకి మారింది. అదే నెలలో బండి లైసెన్సు కోసం ఆయన కళ్ళు చూపించుకున్నారు. మచ్చ దగ్గర కంటి పైపొర ఎగుడుదిగుడుగా ఉందని, దానికి కళ్ళజోడు చాలదని డాక్టరమ్మ చెప్పింది. గట్టి లెన్సు పెడితే దాని కింద కన్నీళ్ళు చేరి ఆ గుంటల్ని పూడుస్తాయట. ఇన్నేళ్ళ కాపురంలో తన కన్నీళ్ళు ఏ గుంటనీ పూడ్చలేదని భార్య అంది.

లెన్సుతో ఇంటికొచ్చి, ఎడమకన్ను మూసి హాలంతా చూశారు. వంకర పటాలదే, గోడది కాదు. తర్వాత ఓనరుకి ఫోన్ చేసి, మీ గోడ మంచిదేనండీ అన్నారు. పటాలన్నీ తిన్నగా సర్దారు. ఆ రోజు నుంచీ భార్యకి ఇల్లంతా ఒరిగినట్టుంది.

ఆదివారం కూతురు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది ఎవరిల్లు నాన్నా?"

"ఇన్నాళ్ళూ వంకరగా ఉన్నాయమ్మా. నా కన్ను... ఆ కిటికీ ఊచ..."

"నా గోరు," అంది కూతురు. "ఎనిమిదో క్లాసులోనే అమ్మ చెప్పేసింది."

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ మంచుకొండని తొలిసారి శ్రద్ధగా చూస్తోంది.

"మరి అడగలేదేమే?"

"ఊచ కథ అంత ముచ్చటగా చెప్పేవాడివి నాన్నా. చెడగొట్టడం ఎందుకని."

కూతురు బ్యాగులోంచి ఓ ఫోటో పటం తీసింది. కంటికి కట్టుతో ఆయన, చంకలో గుండులాంటి పిల్ల. "ఇది నా ఫ్లాట్‌లో పెట్టాలి. మనింట్లో ఇదివరకు ఉండేలాగే."

ఇప్పుడాయన, భార్యా కూతురూ చూస్తుండగా, ఆ ఫ్లాట్‌లో స్టూలెక్కి ఉన్నారు. లెన్సుతో పెడితే పటం తిన్నగా వచ్చేస్తోంది. కావాలని వంచితే, అది దొంగ వంకరని కూతురు ఇట్టే పట్టేస్తోంది. సరే, పాత కన్నే శరణ్యమని లెన్సు తీశారు. పాత కన్ను పాత వాలు చూపించేలోపే నీళ్ళు నిండాయి. ఫోటోలో కట్టు కట్టిన కన్నూ పిల్లా, వెనక గోడా అన్నీ కలిసిపోయాయి. ఈలోగా లెన్సు వేలి మీంచి జారింది.

"ఎక్కడివాళ్ళు అక్కడే."

తల్లీకూతుళ్ళు తలలు ఓ పక్కకి వంచి, కదలకుండా నిలబడ్డారు. బాబ్బాబూ, పటాలు తగిలించిన అనుభవం ఉన్నవాళ్ళు కాస్త సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. మంచికన్ను మాట వినాలా, మచ్చకన్ను మాట వినాలా? త్వరగా చెప్పండి, స్టూలు ఊగుతోంది. దగ్గరికొచ్చి మాత్రం చెప్పకండి, లెన్సు ఇంకా దొరకలేదు.