గుల్లలపేట మూగపెట్టె

పెట్టె ఇంకా తడిగానే ఉంది. దాన్ని పడవకు కట్టిన నైలాను తాడుకి నాచు వేలాడుతోంది.

"ఇప్పండి," అన్నాడు గణపతిరావు. గుల్లలపేటకి పెద్ద ఆయనే. ఆయన గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భారతిని భయపెట్టింది.

తుపాను షెల్టరు హాలులో నలభై మంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ కూర్చోలేదు. నిన్న మధ్యాహ్నం ధనరాజు పడవ తిరగబడింది. ఈ తెల్లారి కళింగపట్నం వైపు వెళ్ళే పడవవాళ్ళు దాన్ని చూశారు. బోర్లాపడ్డ పడవని కరుచుకుని ఒక మనిషి ఉన్నాడు. అతన్ని శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండో మనిషి ధనరాజు. అతను లేడు. అర్ధరాత్రి దాకా పట్టు వదల్లేదట. తరవాత వదిలేశాడట.

పెట్టె మాత్రం పడవ అంచునే ఉంది. నీళ్ళలో మునిగిన మరుక్షణం అరిచి ఊరిని లేపాల్సిన పెట్టె. పద్దెనిమిది గంటలు మునిగే ఉంది. కిమ్మనలేదు.

ఆ పెట్టె చెయ్యడం ఈ పేటకి నేర్పింది భారతి. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు. పాలిటెక్నిక్‌లో పదిహేనేళ్ళు పాఠాలు చెప్పి, అది మానుకుని రెండేళ్ళ కిందట ఈ షెల్టరులో బల్లలు వేయించింది. వలలు అల్లే చేతులకి సోల్డరింగు పట్టుబడటానికి నెల కూడా పట్టలేదు. పెట్టెకి బయట రెండు స్టీలు పుల్లలుంటాయి. వాటి మధ్య ఉప్పునీరు తగిలితే చాలు, లోపలి రేడియో పడవ ఎక్కడుందో చెబుతూ షెల్టరు కప్పు మీది సైరన్ని మోగిస్తుంది. స్విచ్ లేదు. అది భారతి పట్టుదల. స్విచ్ ఉంటే ఆపేస్తారు, ఆపాక వెయ్యడం మరిచిపోతారు అనేది.

బొమ్మ, సామాన్ల జాబితా, పరీక్షలు, తప్పులు, అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టించింది. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. అలా చేసుకున్నవాళ్ళు ఇంకో మూడు పేటల్లో ఉన్నారు. ఇప్పుడు ముప్పై పడవల మీద ఇవే పెట్టెలున్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని తెల్లవారే కబురొచ్చింది. ఈ ఒక్క పెట్టె ఎందుకు మూగబోయిందో తెలియకపోతే, ఆ ముప్పైలో ఎన్ని మూగవో తెలియదు.

మూత ఊడింది. లోపల చుక్క నీరు లేదు.

"బేటరీ సచ్చిపోయుంటాది," అన్నాడు లక్ష్ముడు. ధనరాజు బావమరిది. పెట్టెలకి బ్యాటరీలు ఇచ్చే రమేష్‌బాబు పక్కనే ఉన్నాడు, అతని కాలరు అప్పటికే లక్ష్ముడి పిడికిట్లో ఉంది. "కోటబొమ్మాళి సెల్లు దుకాణంలో ఏటి దొరుకుతాది? పాతియి కొత్త కవర్లో ఎట్టి ఇచ్చుంటాడు. సెప్పరా."

"కొలిసి సూడండి మేడమ్," అన్నాడు రమేష్‌బాబు. కాలరు విడిపించుకోవడానికి కూడా చూడలేదు. "తక్కువ సూపిస్తే నన్నే తీసికెళ్ళి సముద్రంలో ఇసిరేయండి."

భారతి మీటరు ఆనించింది. ముల్లు చివరిదాకా లేచింది. బ్యాటరీ నిండుగా ఉంది. అంటే పద్దెనిమిది గంటల్లో అది ఒక్క కేకకైనా ఖర్చు కాలేదు.

లక్ష్ముడి చెయ్యి దిగింది. "అయితే ఏటయినాది?"

"బకెట్‌తో సముద్రం నీళ్ళు తీసుకురండి," అంది భారతి.

తెచ్చారు. మూత బిగించి పెట్టెని ముంచింది. అందరూ కప్పు వైపు చూశారు. ఏమీ మోగలేదు. పైకి తీసి కిటికీ వెలుతురులో పుల్లల్ని తిప్పి చూసింది. స్టీలు మెరవాలి. మెరవడం లేదు. గోరుతో గీకింది. గోటి కింద తెల్లటి పొర లేచొచ్చింది. వాసన చూసింది. కొవ్వొత్తి మైనం.

పొరపాటున అంటింది కాదు. పల్చగా, ఓపిగ్గా, రెండు పుల్లలకీ మొదలంటా పూశారు.

భారతి మైనం అంతా గీకేసి పెట్టెని మళ్ళీ ముంచింది.

సైరన్ లేచింది. షెల్టరు గోడలు అదిరాయి. నిన్న మధ్యాహ్నం రావాల్సిన కేక ఈ ఉదయం బకెట్‌లోంచి వచ్చింది. ఇది పేటలోవాళ్ళ పనేనని అందరికీ ఒకేసారి తోచింది, ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ అదురులో భారతి ఒక సంగతి మరిచిపోయింది. ఒడ్డున ధనరాజు భార్య దానమ్మ ఉంది.

దానమ్మ పరుగెత్తుకొచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసింది, కాళ్ళ నిండా ఇసుక. సైరన్ మోగిందంటే ఒకటే అర్థం అని ఆమెకి నేర్పింది భారతే. "దొరికాడేటి? ఏ దిక్కున మేడమ్? పడవెళ్ళిందా?" అంటూ గుమ్మం దాటింది. బకెట్ చూసింది. అందులో పెట్టె చూసింది. తమ్ముడు లక్ష్ముడు తల తిప్పేసుకోవడం చూసింది. బకెట్ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

భారతి పెట్టెని బయటికి తీసింది. సైరన్ ఆగింది.

"మైనం పూసినారే అప్పా," అన్నాడు లక్ష్ముడు అక్కతో. "ఎవడో కావాలని పూసినాడు. ఆడి సెయ్యి నరికేస్తాను."

దానమ్మ చెయ్యి చాపి పెట్టె పుల్లల్ని తడిమింది.

"నానేరా," అంది. "నానే పూసినాను."

హాలంతా ఒక్కసారిగా గోలెత్తింది. గణపతిరావు చెయ్యెత్తాడు.

"ఎందుకే?"

"పడవ దించినపుడల్లా పూజ సేత్తాం కదా మావా. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి మొక్కి సముద్రం నీళ్ళు సల్లుతాం. ఆ నీళ్ళు తగిలితే పెట్టె గోల పెట్టేత్తాది. బయల్దేరేటపుడు ఏడుపేటని మొగోళ్ళు తిట్టినారు. అపసకునవని ఇద్దరు పెట్టె పీకి ఇసుకలో పారేసినారు. పెట్టె అసలుకే లేకపోతే ఎలాగని, ఈ పేటలో ఆయనకి తప్ప ఎవరికీ సెప్పకండా పూజకి ముందు మైనం పూసేదాన్ని. అయిపోనాక గీకీమనేదాన్ని." ఆమె గొంతు ఎక్కడా హెచ్చలేదు. "నిన్న నాను సేపల గంపతో సంతకెళ్ళినాను. ఆయనే గీకాల. మరిసిపోయుంటాడు."

"మొగుడి నోరు నొక్కి సముద్రంలోకి పంపినాది," అంది వెనక నుంచి ఒక ఆడమనిషి. ఇంకొకామె దానికంటే పెద్ద మాట అంది. లక్ష్ముడు కూడా అక్క దగ్గరికి వెళ్ళలేదు.

దానమ్మ వాళ్ళవైపు తిరగలేదు. "మేడమ్‌కి సెప్పినాను," అంది, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "ఫోన్లో."



దానమ్మకి రాయడం రాదు. పెట్టెలో ఏం మార్చినా రాసి పెట్టాలి కదా, నానెలాగ అని ఈ బల్లల దగ్గర చేరిన మొదటి నెలలోనే అడిగింది. నోటితో చెప్పి వాయిస్ పంపించు, నేను రాసి ఎక్కిస్తాను అని భారతి మాటిచ్చింది. రెండు నెలలు ఎక్కించింది కూడా. తరవాత హైదరాబాదులో ఈ పెట్టెల ప్రదర్శన వచ్చింది. టైపు చేసినవాళ్ళకి జవాబులిస్తూ పోయింది. వాయిస్‌లన్నీ ఆదివారం తీరిగ్గా విందామని పక్కన పెట్టింది. ఎన్ని ఆదివారాలు పోయాయో గుర్తులేదు.

కిటికీ వైపు తిరిగి ఫోను తీసింది. దానమ్మ పేరు పక్కన విననివి ఇరవై ఆరు. చెవికి ఆనించుకుని ఒకటి నొక్కింది.

"మేడమ్, మైనం సంగతి రాయండి. పూజ అవగానే గీకీమని ఎర్ర అచ్చరాల్తో రాయండి. లేపోతే పెట్టె మూగదైపోద్ది."

ఇంకొకటి. వారం తరవాతది.

"సంతలో నా కాడ ఇని పక్క పేటోళ్ళూ పూస్తన్నారు మేడమ్. గీకాలని సెప్పినాను గానీ, ఆళ్ళు ఇంటర్నెట్‌లో ఉన్నదే నమ్ముతారు. మా ఆయన రెండుసార్లు మరిసిపోనాడు. మైనం కాకండా ఏదైనా మూత సెప్పండి. ఎర్రదైతే తియ్యలేదని దూరానికైనా కనబడతాది. మీకు పది నిమిషాల పని."

పది నిమిషాలు కూడా కాదు. పెన్ను మూత చాలు.

తేదీ చూసింది. పంతొమ్మిది రోజుల కిందటిది.

వెనక రమేష్‌బాబు ఒక్కో పేటకీ ఫోను చేస్తున్నాడు. రెండు పేటల్లో పడవలు ఒడ్డునే ఉన్నాయి, గీకించేస్తామన్నారు. మూడో పేటవాళ్ళవి తొమ్మిది పడవలు నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాయి. తొమ్మిదింటికీ మైనం పూశారట. ఎవరైనా గీకారో లేదో ఒడ్డున తెలిసినవాళ్ళు లేరు. ఫోన్లు అందని దూరం.

"కోస్ట్ గార్డుకి సెప్పినాను," అన్నాడతను. "ఎతుకుతాం అన్నారు. ఆకాశం సూడండి." కిటికీలో తూర్పు దిక్కు సీసం రంగుకి తిరిగింది.

గణపతిరావు ఊరి మైకు అందుకున్నాడు. ఆ పేటల పెద్దలు ఫోన్లో వింటున్నారు. బయట ఇసుకలో జనం పోగై ఉన్నారు.

"ఆళ్ళు పేరు అడుగుతన్నారు మేడమ్," అన్నాడు. "తప్పు ఎవరిదో సెప్పమంటన్నారు. దానమ్మ పేరు సెప్పక తప్పదు. సెప్పినాక ఈ పేటలో దాన్ని ఉండనివ్వరు. మరి మీకు ఫోన్లో సెప్పినానంటాది. సెప్పినాదా?"

ఎవరికీ తెలియదు. ఇరవై ఆరూ ఆ ఫోనులోనే ఉన్నాయి. రాలేదమ్మా అంటే దానమ్మ నమ్ముతుంది. సిగ్నల్ లేదేమో అనుకుంటుంది. ఆమె అప్పటికే భారతి మొహంలోకి చూస్తోంది, మేడమ్ ఏం చెబితే అదే నిజమన్నట్టు. నిజం చెబితే ధనరాజు వస్తాడా? రాడు. ఆ తొమ్మిది పడవలకి వినిపిస్తుందా? వినిపించదు. రేపటి నుంచి ఈ బల్లల ముందు ఒక్కరు కూడా కూర్చోరు. తీరమంతటా ఆ పెట్టెల్ని పీకి పొయ్యిలో పెడతారు. రెండేళ్ళ పని ఈ మధ్యాహ్నానికి బూడిద.

"సెప్పినాదా మేడమ్?" అన్నాడు గణపతిరావు మళ్ళీ.

భారతి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. ఫోను దాని దగ్గర పెట్టి ఆ రెండు వాయిస్‌లూ ఒకదాని తరవాత ఒకటి నొక్కింది. గుల్లలపేట మొత్తం మీద, ఇసుక మీద, బోర్లించిన పడవల మీద దానమ్మ గొంతు పలికింది. ఎర్ర అచ్చరాల్తో రాయండి. పెట్టె మూగదైపోద్ది. పది నిమిషాల పని.

దానమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"వీటిలో రెండోది నాకు పంతొమ్మిది రోజుల కిందట వచ్చింది," అంది భారతి మైకులో. "రెండూ నేను వినలేదు. విని రాసుంటే ధనరాజు నిన్న మధ్యాహ్నమే ఒడ్డుకి వచ్చేవాడు. తప్పు దానమ్మది కాదు. రమేష్‌బాబుది కాదు. పేరు అడిగారు కదా, రాసుకోండి. భారతి. ధనరాజుని చంపింది భారతి."