ప్రేయసి కుర్చీ

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఓ కంట పాఠం చూసుకుంటోంది ఇంగ్లిషు టీచరు. "పద్నాలుగు లైన్ల పద్యానికి ఇంత చదవాలా?" అన్నాడు ఆయన, తాగేసిన కాఫీ కప్పు తెచ్చి ఆమె పుస్తకం మీదే పెడుతూ. పద్నాలుగు లైన్లంటే ఆయనకేం లోకువ కాదు. పదో తరగతిలో తను రాసిన పద్నాలుగు లైన్లకు అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. దాని దుమ్ము దులిపే పని మాత్రం ఆమెది.

ఇద్దరూ చదివిన బళ్లోనే ఇప్పుడామె పాఠాలు చెబుతోంది. రినైసాన్స్ కాలపు ప్రేమ సానెట్లు, అంటే ఆ పద్నాలుగు లైన్ల పద్యాలు, పూర్తవగానే అక్కడొక ఆనవాయితీ ఉంది. మగపిల్లలు తలా ఓ సానెట్ రాయాలి. నెగ్గినవాడు స్టేజీ మీద చదువుతాడు. ఏ పిల్ల మీద రాశాడో ఆ పిల్ల ఎదురుగా "ప్రేయసి కుర్చీ"లో కూర్చోవాలి. నోరు మెదపకూడదు. సానెట్లలో ప్రేయసులు మాట్లాడరు గనకట! ఇరవై రెండేళ్ల కిందట ఆ కుర్చీలో కూర్చున్నది ఈమే, చదివింది ఈ మహానుభావుడే. మర్నాటి నుంచి బడంతా, వీధంతా ఇద్దర్నీ జతకట్టేసింది. చివరికి ఇంట్లోవాళ్లు కూడా, ఎలాగూ నలుగురి నోళ్లలో పడ్డారుగా అని పెళ్లి చేసేశారు. మావాడి కవిత్వానికి కరిగిపోయిందని అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఎవరు కరిగారు? ఎప్పుడు కరిగారు? ఒక్కరైనా ఈమెని అడిగిన పాపాన పోయారా?

మొన్న క్లాసులో మూడో బెంచీ పిల్ల లేచింది. ఈ సానెట్లలో ప్రేయసి కళ్లున్నాయి, పెదాలున్నాయి, రాతిగుండె అన్న తిట్లున్నాయి, ఆవిడేమందో ఒక్కదాంట్లోనూ లేదేంటి టీచర్ అంది. రేపు చూద్దాం, కూర్చోమంది టీచరు. ప్రేయసి కఠినాత్మురాలు అని రాస్తే రెండు మార్కులని ఏళ్ల తరబడి నోట్సు చెప్పిన నోరు మరి.

ఈ ఏడు నెగ్గిన సానెట్ ఆ పిల్ల మీదే. నిన్న స్టాఫ్ రూముకొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"నేను కూర్చోను టీచర్. నెల్రోజుల నుంచి ఆ రాసినవాడు నా వెనకాలే వస్తున్నాడు. ఇప్పుడు మీరే తీసుకెళ్లి వాడి ముందు కూర్చోబెడతారా?"

టీచరు హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన తాపీగా నవ్వాడు. సాహిత్యాన్ని సాహిత్యంలా చూడాలట. మీరు కూర్చోలేదా, కాపురం చేసుకోవట్లేదా అన్నాడు. పైగా ఈసారి ముఖ్య అతిథి మీవారే కదమ్మా అని గుర్తుచేశాడు. ఆ ముఖ్య అతిథి చొక్కాయే ఇవాళ పొద్దున ఆమె ఇస్త్రీ చేసింది.

సభలో ఆ చొక్కా తళతళలాడిపోతోంది. చివరి లైనుకి మా ఆవిడ నవ్వింది, అక్కడే పడిపోయాను అంటూ ఆయన చెబుతుంటే హాలంతా ఒకటే నవ్వులు. హెడ్మాస్టరు ఆ పిల్లని పిలిచాడు. పిల్ల నాలుగడుగులు వేసి ఆగింది. టీచరు వైపు చూసింది.

టీచరుకి ఒళ్లు మండింది. విసవిసా స్టేజీ ఎక్కి తనే ఆ కుర్చీలో కూర్చుంది. భర్త ఉబ్బితబ్బిబ్బై పాత సానెట్ గడగడా అప్పజెప్పేశాడు. చప్పట్లు ఆగాక ఆమె మైకు అడిగి తీసుకుంది.

"ఆరోజు నేను నవ్వలేదు. ఏడుపు ఆపుకోవడానికి పళ్లు బిగబట్టాను. ఈ అమ్మాయికి ఇష్టం లేదు, కూర్చోదు. ఇకమీదట ఎవరూ కూర్చోరు."

పిల్ల వెళ్లి స్నేహితురాళ్ల మధ్య కూర్చుంది. టీచరు కుర్చీని చంకకెత్తుకుని స్టేజీ దిగి, వరండాలో పెట్టింది. వెనకాలే భర్త వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వలేదా? మరి నన్నెందుకు చేసుకున్నావ్?"

పెళ్లయ్యాక ఆమె మనసు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె కుర్చీని ఆయన వైపు తిప్పింది.

"కూర్చోండి, చెబుతాను. నేను ముగించేదాకా మీరు మాట్లాడకూడదు."