మణికట్టు మీద దారాలు

కోడలు ఉన్నట్టుండి బాగుపడటంతోనే బసవమ్మకు అనుమానం మొదలైంది.

నిరుడు మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి సింధూర. తల దువ్వుకోమన్నా కళ్లనీళ్లు పెట్టుకునేది. అంతకుముందు మాత్రం తక్కువా? స్టవ్ మీద పాలు పెట్టి మిషన్ ముందు కూర్చునేది, జాకెట్టుకి ఒక చెయ్యి కుట్టి రెండోది మర్చిపోయేది. అలాంటిది ఇప్పుడు పొద్దున్నే లేచి, జగ్గయ్యపేటలో ఆ వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిపెడుతోంది. పైగా కూనిరాగాలు. ఊరికే బాగుపడతారా ఎవరైనా?

దానికితోడు ఎడమచేతి మణికట్టుకి దారాలు. ఎరుపు, పసుపు, నెమలికంఠం, రోజుకో రకం. సాయంత్రానికి మాయమవుతాయి, తెల్లారేసరికి కొత్తవి వస్తాయి. తెల్లది ఒక్కటే ఎప్పుడూ ఉంటుంది. నెలకోసారి లైనింగు గుడ్డకని నందిగామ వెళ్తుంది. పేటలో దొరకని లైనింగు అక్కడేముందట? ఒకసారి సంచీ వెతికితే గుడ్డపీలిక కూడా లేదు. ఇటు చూస్తే, పుట్టి బుద్ధెరిగి మంచినీళ్ల గ్లాసు కడగని కొడుకు సతీష్‌బాబు, సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాగానే గిన్నెలు తోముతున్నాడు. ఇంకేం కావాలి రుజువు? వాణ్ణి ఆ దారాలతోనే కట్టేసిందని బసవమ్మ తేల్చేసుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా. ఆ రోజునుంచీ పూజ మానినా మానింది గానీ ఆ చెయ్యి చూడటం మానలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సింధూర అన్నం తిని కునుకు తీస్తుంటే, మెల్లగా కత్తెరతో దారాలన్నీ కోసి, పెరట్లో ఎండుటాకుల్లో వేసి తగలబెట్టింది. ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయి పావుగంటే.

సింధూర లేచి మణికట్టు చూసుకుని ఉన్నచోటే కూలబడింది. నిరుటి ముఖం మళ్లీ కనబడేసరికి బసవమ్మ ఇక దాచలేకపోయింది.

"నేనే కోశా. వాడికేదో చేయిస్తున్నావనుకున్నా" అనేసింది.

సింధూర బోసిపోయిన మణికట్టు నిమురుకుంది.

"నందిగామలో డాక్టరు దగ్గరికెళ్తున్నానత్తయ్యా. మీ అబ్బాయికి తెలుసు. నాకున్నవాటికి రెండు పేర్లు చెప్పారు. ధ్యాస ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ, డిప్రెషన్. పిచ్చిదంటారని మీకు చెప్పలా. పుస్తకంలో రాసుకుంటే పుస్తకమే పోగొడతా, చెయ్యి పోగొట్టుకోలేనుగా. ఆ రోజు ఇవ్వాల్సిన గుడ్డల్లోంచి పొద్దున్నే తలో పోగూ లాగి కట్టుకుంటా. ఇచ్చాక విప్పేస్తా. నా బుర్ర ఇంతే. ఇంతేనని ఒప్పుకున్నాకే మంచం దిగా."

అలమరలో జాకెట్ల కవర్లు నలభై ఉన్నాయి. ఐదింటి బస్సుకి వత్సవాయి నుంచి పెళ్లికూతురి వాళ్లొస్తారు. రేపే ముహూర్తం. ఇవాళ ఇవ్వాల్సినవి ఏవో ఎంత తన్నుకున్నా గుర్తురావట్లేదని, ఈ ఒక్కటీ తప్పితే మళ్లీ గోడవైపు తిరుగుతానేమోనని భయంగా ఉందని సింధూర చెప్పింది.

బసవమ్మ కళ్లు మూసుకుంది.

"గులాబీ ఒకటి. చిలకపచ్చ రెండు. జరీ కలిసిన మెరూన్ ఒకటి, అది అన్నిటికన్నా పైన కట్టావు."

సింధూర తలెత్తి చూసింది. నెలల తరబడి ఆ చేతిమీదే కాపలా కాసిన మనిషికి ఏ రంగు మర్చిపోవాలన్నా కుదరదు. ఒక్కో కవరూ బయటికొచ్చింది. మెరూన్‌దే పెళ్లికూతురి జాకెట్టు, హుక్సు కుట్టలేదింకా. నాలుగున్నరకి అదీ అయింది.

అప్పుడు బసవమ్మ గొంతు తగ్గించి, తెల్లది ఎవరి జాకెట్టుదని అడిగింది. ఇన్నాళ్లూ ఆమె భయమంతా దానిమీదే.

"అది జాకెట్టుది కాదత్తయ్యా. ఈ బుర్రతోనే బతుకుతానని నాకు నేను కట్టుకున్నా."

బసవమ్మ మిషన్ మీది ఉండలోంచి తెల్లదారం తెంపింది. ఆ మణికట్టుకి గట్టిగా ముడేసింది.

"ఊడితే చెప్తాలే," అంది, "చూట్టం నాకలవాటేగా."