ఏప్రిల్ పదిహేను నాటి సంతకం

తారీఖుల మాస్టారు చేసిన పని నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. ఊళ్ళో వాళ్ళకు ఆయన మాస్టారు, నాకు అక్క మొగుడు. రిటైరయ్యేదాకా కాలేజీలో చరిత్ర చెప్పాడు. ఇప్పుడు పేపర్లో రోజూ ‘చరిత్రలో నేడు’ అని ఓ మూల రాస్తాడు. ఏ తేదీ చెప్పినా ఆ రోజు ఏ రాజు చచ్చాడో, ఏ ఓడ మునిగిందో గడగడా వల్లిస్తాడు. తన పెళ్ళిరోజు మాత్రం అక్క గుర్తు చేయాలి. నేను ఏడో తరగతిలో బడి మానేసి నాన్న వెనకాల ఇనుము చెక్కే లేతు షెడ్డులో చేరినవాణ్ణి. చదువుకున్నవాళ్ళ మాట మీద నాకు గురి ఎక్కువ. ఆ గురే నా కొంప ముంచింది.

ఓ ఏడు ఏప్రిల్ పదిహేనున షెడ్డులో పనిముట్లు సానబట్టే గ్రైండింగ్ రాయి తిరుగుతూనే పగిలింది. ముక్క ఎగిరి నాన్న గుండెల మీద తగిలింది. మనిషి ఆస్పత్రి గుమ్మం దాకా కూడా రాలేదు. కొన్నేళ్ళకు అదే తేదీన లేతు నా ఎడమచేతి ఉంగరపు వేలు మింగింది. కట్టుతో పడుకున్న నన్ను చూడ్డానికి వచ్చిన బావ, పరామర్శ సంగతి మరిచిపోయి మంచం పక్కన కూర్చుని కళ్ళు పెద్దవి చేశాడు.

“బామ్మర్దీ, ఇది మామూలు తేదీ కాదయ్యా! టైటానిక్ ఓడ మునిగింది ఈ రోజే. అమెరికాలో లింకన్ ప్రాణం పోయింది ఈ రోజే.”

“వాళ్ళతో మనకేం చుట్టరికం బావగారూ?”

“ఆ చుట్టరికం చరిత్రకు తెలుస్తుంది. నా చెవిన పడింది నీ చెవిన వేశాను, అంతే.”

అప్పటి నుంచి ఆ తేదీ వస్తోందంటే నాకు వారం ముందే భయం పట్టుకునేది. ఆ రోజు షట్టరు దించేసేవాణ్ణి. షెడ్డులో మెయిన్ స్విచ్ ఆపేసి, ఫోను ఆపేసి, బండి తాళం బీరువాలో పడేసేవాణ్ణి. కాగితం మీద సంతకం మాట దేవుడెరుగు, పెన్ను కూడా ముట్టుకునేవాణ్ణి కాదు. వంటింట్లో కత్తి తియ్యనిచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ ముందురోజే కూరలు తరిగి పెట్టుకునేది. ఏటా ఆ ముందురోజు సాయంత్రం బావ టీకి వచ్చి ఆ తేదీ గండాల జాబితా అప్పజెప్పి పోయేవాడు. ప్యారిస్‌లో ఆ పెద్ద చర్చి తగలబడిన ఏడు మాత్రం పదహారు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. ఆయన మొహం చూడాలి, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడిలా వెలిగిపోయింది.

“చూశావా బామ్మర్దీ, ఇంకోటి!” అన్నాడు.

షెడ్డు స్థలం నాన్న పేరున మున్సిపాలిటీ ఇచ్చిన లీజు. పోయినేడు ఆఫీసు వాళ్ళు ఇలాంటి స్థలాలన్నీ వాడుకుంటున్న వాళ్ళకే సొంతానికి ఇచ్చేస్తామన్నారు. లీజుదారు పోయుంటే వారసులు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. వచ్చినవాళ్ళ పేరు ఎక్కుతుంది, రానివాళ్ళ హక్కు పోతుంది. ఆ తర్వాత ఎవరి ఏడుపూ వినబోమని అదే నోటీసులో మర్యాదగా రాశారు. నాన్నకు వారసులం అక్కా, నేనూ. మమ్మల్ని పిలిచింది ఏప్రిల్ పదిహేనున, సాయంత్రం ఐదులోపు.

నోటీసు పట్టుకుని బావ ఇంటికి పరిగెత్తాను. ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి చదివి, మడత పెట్టి నా చేతికిచ్చాడు.

“అయ్యో, అదే తేదీనా! సరేలే, ఆ ఆఫీసు మేనేజరు నా శిష్యుడే. ఇంకో రోజుకు మార్చమని అడుగుతాను. నువ్వెలాగూ ఆ రోజు గడప దాటవు కదా?”

“మార్చకపోతే బావగారూ?”

“మార్చకపోతే కబురు చెయ్యనూ? పిచ్చివాడా!”

అక్క లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో అనబోయి, ఆయన వైపు చూసి, టీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

ముందురోజు సాయంత్రం బావ టీకి రాలేదు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం ఫోను ఆపేసి కూర్చున్నాను. కబురు లేదు. కూర్చోలేను, నిలబడలేను. వీధిలో ఏ బండి ఆగినా ఆయనేనేమోనని కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. గోడగడియారం టిక్కుటిక్కుమంటుంటే ఎవరో నా నెత్తి మీద సుత్తితో కొట్టినట్టుంది.

“ఫోను చేసి అన్నయ్యగారిని ఒక్క మాట అడగొచ్చుగా?” అంది మా ఆవిడ.

“ఈ రోజా?”

“రేపడిగితే ఏం లాభం? రేపటికి షెడ్డుంటుందా?”

“నోరు ముయ్యి. ఆయన చూసుకుంటానన్నాడు.”

“ఆయన ఎవరిది చూసుకుంటాడో!” అని విసురుగా పక్కింటి టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. భోజనాల వేళ దాటిపోయాక, మూడింటికి చేతిలో పేపరుతో తిరిగొచ్చింది. మా ఇంట్లో పేపరు తెప్పించం. బావ ఏం రాశాడో బావ నోటే వినేవాళ్ళం. మా ఆవిడకు షుగరు, తిండికి ముందు ఇంజెక్షన్ చేసుకోవాలి. ఫ్రిజ్ తలుపు తీసి మందు సీసా చేతిలోకి తీసుకుంది. మరో చేతిలో పేపరు ఉంది. అక్కడే నిలబడిపోయింది.

“ఏవండీ, ఇటు రండి ఒకసారి.”

“ఏమైంది?”

“అన్నయ్యగారు రాసింది చదువుతాను, వినండి. ఓడ మునగడం ఉంది, లింకన్ ఉన్నాడు, చర్చి ఉంది. మీకు చెప్పినవే. ఇదిగో, ఇది ఎప్పుడైనా చెప్పాడా? ‘1452: చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ జననం.’ దీని కింద చూడండి. ‘1923: మధుమేహ రోగులకు ఇన్సులిన్ అందుబాటులోకి వచ్చిన రోజు.’”

 ఆమె సీసాను నా మొహం ముందు పెట్టింది.

“ఇదేనండీ అది! ఇది లేకపోతే నేనెప్పుడో గోడ మీద ఫొటోనయ్యేదాన్ని. మీ బావ చావులన్నీ ఏరి మీ దోసిట్లో పోశాడు, బతికించినవన్నీ జేబులో దాచుకున్నాడు. నాన్నగారు పోయిన రోజని మీరు కూర్చుంటే కూర్చోండి. నేను బతికిన రోజని నేను లేస్తున్నాను. పదండి ఆఫీసుకి!”

నా చొక్కా గుండీలు కూడా ఆవిడే పెట్టింది. తీరా చూస్తే నోటీసు కనబడలేదు. ఇల్లంతా తిరగేసి, చివరికి బీరువాలో వెతికితే బండి తాళం కింద దొరికింది. అప్పటికే నాలుగు దాటింది. బండి తీసే ధైర్యం లేక ఆటో పిలిచాను. ప్రతి లారీ నా మీదికే వస్తున్నట్టుంది. చౌరస్తా దగ్గర బళ్ళు ఆగిపోయాయి. ఐదు కావస్తోంది. నది మీది వంతెన దగ్గరికొచ్చేసరికి కింద నీళ్ళు కనబడ్డాయి. మునిగిన ఓడ గుర్తొచ్చింది. ఇక నా వల్ల కాలేదు.

“ఆపవయ్యా! వంతెన నడిచి దాటుతాను. నువ్వు అవతల ఆగు.”

ఆటోవాడు వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. “పూర్తి కిరాయిచ్చి నడుస్తారా? మీలాంటి బేరం రోజూ తగిలితే నేను మేడ కట్టేవాణ్ణి సార్!”

“ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి,” అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని దిగాను. వంతెన మీద రెయిలింగుకు దూరంగా, పరిగెత్తీ పరిగెత్తకుండా పోయాను. ఆ నడక ఇప్పటికీ నిద్రలో నడుస్తుంటాను.

అవతల మళ్ళీ ఆటో ఎక్కి చేరాం. ఆఫీసు నాలుగో అంతస్తులో. లిఫ్ట్ నోరు తెరుచుకుని నిలబడింది. అందులోకి అడుగు పెట్టలేకపోయాను.

“నేను పైకెళ్ళి ఆ గుమాస్తా కాళ్ళన్నా పట్టుకుంటాను. మీరు మెట్లెక్కి చావండి!” అని ఆవిడ లిఫ్టులో వెళ్ళిపోయింది.

మెట్లు ఎక్కుతుంటే పైనుంచి కిందికి దిగే ఉద్యోగులు ఎదురొచ్చారు. క్యారేజీలు, గొడుగులు. ఎవరి భుజం తగిలినా నాకు రాయి ముక్క తగిలినట్టే ఉంది. రొప్పుతూ నాలుగో అంతస్తుకి చేరేసరికి మా ఆవిడ గొంతు వినబడింది.

“వస్తున్నారండీ! మెట్ల మీదున్నారు!”

“మెట్ల మీదున్నవాళ్ళ పేరెక్కించే గడి ఇందులో లేదమ్మా,” అంటున్నాడు గుమాస్తా. పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. “ఐదు కొట్టింది. మేనేజరు సీలు వేసి ఇప్పుడే వెళ్ళారు.”

“సార్, నేనే. కొడుకుని నేనే సార్. ఒక్క సంతకం.”

“అయ్యా, కూతురు పెట్టేసింది. ఇక నేను తెరిస్తే నా ఉద్యోగం పోతుంది.” పాపం, వాడి గొంతులో కోపం లేదు. కోపముంటే తిరగబడేవాణ్ణి.

వెనక బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. బొటనవేలికి సిరా. పక్కన బావ ఇస్త్రీ చొక్కాలో నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాడు.

“ఏం బామ్మర్దీ, గడప దాటావే!”

“వాయిదా వేయిస్తానన్నారు.”

“అడిగాను, మా శిష్యుడు వినలేదు. నీకు చెబుదామని పొద్దున్నుంచీ ఫోను చేస్తూనే ఉన్నాను. ఈ రోజు నువ్వు ఫోనెత్తవు కదయ్యా!”

“ఇంటికొచ్చి తలుపు కొడితే?”

“ఈ తేదీన మీ గుమ్మం తొక్కాలంటే ఎవరికి ధైర్యం?” అని నవ్వాడు. “ఇద్దరిదీ పోవడం కంటే ఒకరిదన్నా నిలబెట్టుకుందామని మీ అక్కను తీసుకొచ్చాను. తప్పా?”

“నువ్వు తేదీలు చదివావా, నా భయం చదివావా?” అన్నాను. జన్మలో ఆయన్ను ‘నువ్వు’ అన్నది అదే మొదలు.

“నేను వెళ్ళొద్దన్నానా? ఎన్నడైనా అన్నానా, గుర్తు తెచ్చుకో. నేను చెప్పింది చరిత్ర.”

నిజమే, ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఎక్కడ పట్టుకుందామన్నా చేతికి చిక్కని మనిషి. అక్క తలెత్తకుండానే అంది, “నువ్వు వస్తావనుకోలేదురా తమ్ముడూ. నాన్న పోయిన రోజు నాకూ భయమే. కళ్ళు మూసుకుని ఎక్కాను ఆ లిఫ్టు.”

“అక్కా, నా వాటా నాకు రాసిస్తావా?”

ఆమె బావ వైపు చూసింది. బావ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం,” అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ మాట్లాడుకోలేదు.

నెలలోపు షెడ్డు ఖాళీ చేయమన్నాడు బావ. “లేతు నీదేగా, పట్టుకుపో,” అన్నాడు, పెద్ద దానం చేస్తున్నట్టు. ఇప్పుడు ఆ స్థలం గోడౌనుకు అద్దెకిచ్చాడు. నేను ఊరి చివర రేకుల కింద లేతు బిగించుకున్నాను. ఈ ఏటి ఏప్రిల్ పదిహేనూ వచ్చింది, పోయింది. షట్టరు తెరిచే ఉంచాను. పొద్దున మా ఆవిడ ఇంజెక్షన్ చేసుకుంటూ నా వైపు చూసింది. టైలరమ్మ దగ్గర్నుంచి పేపరు తెప్పించి చూశాను. ఓడ ఉంది, లింకన్ ఉన్నాడు, చర్చి ఉంది. ఆ కింద ఎవరూ అచ్చువేయని లైను ఒకటుంది. అది నేనే రాస్తున్నాను.

ఏప్రిల్ 15: లేతు పనివాడు ఒకడు నాన్న షెడ్డు పోగొట్టుకున్న రోజు. రోడ్డు వైపు ఇరవై ఒక్క అడుగులు, లోపలికి డెబ్బై రెండు. మొత్తం నూట అరవై ఎనిమిది గజాలు.