మూడో వరుస టెంటు ఆవిడ

"వినడానికి కూడా ట్రైనింగేంటమ్మా, చోద్యం కాకపోతే! ఇద్దరికిద్దరూ పొద్దున్నే తయారు!" అంది అత్తగారు మంచం మీంచి.

నర్సమ్మ మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ మహానుభావుడు అద్దం ముందు కూచుని తల ఊపడం ప్రాక్టీసు చేస్తున్నాడు. ఎక్కువ ఊపితే వెటకారం అనుకుంటారట, తక్కువ ఊపితే కునుకు అనుకుంటారట. సరిగ్గా ఎంత ఊపాలో తేలక మెడ పట్టేసింది. "ఏమే, కాస్త మెడ రుద్దు" అన్నాడు.

ఇద్దరిదీ ఒకే ఆస్పత్రి. ఆవిడ నర్సు, ఆయన కాంపౌండరు. కడుపునొప్పితో వచ్చినా, కాలు విరిగి వచ్చినా, ముందో బి-కాంప్లెక్స్ బిళ్ళ చేతిలో పెట్టి "నీరసం, అంతే" అంటాడు. చాటున ఆస్పత్రంతా ఆయన్ని బి-కాంప్లెక్స్ అనే పిలుస్తుంది. సరిహద్దు అవతల యుద్ధమొచ్చి, జనం కట్టుబట్టలతో ఇటు పరిగెత్తుకొస్తే, ఊరి బయట క్యాంపు వేశారు. వాళ్ళ ఒంటి గాయాలకి కట్లు కట్టడం ఈ ఆస్పత్రి వాళ్ళకి వచ్చు. మనసు గాయాలున్నవాళ్ళ గోడు ఎలా వినాలో నేర్పడానికి ఓ మేడమ్ వచ్చింది. ట్రైనింగ్ అయ్యాక ఒకరు క్యాంపులోనే ఉండి పనిచెయ్యాలి. ఉండటానికో గది ఇస్తారు.

మేడమ్ అడిగింది నర్సమ్మని. జవాబు చెప్పింది మొగుడు.

"కుదరదు మేడమ్. మా అమ్మకి వేళకి మందులివ్వాలి, నాకేమో బయటి తిండి పడదు. మా ఆవిడకీ ఇష్టం లేదు."

తనకి ఇష్టం లేదన్న సంగతి నర్సమ్మకి అప్పుడే తెలిసింది. మేడమ్ మాత్రం ఆవిడ మొహంలోకే చూస్తూ, "ఆఖరి రోజు సాయంత్రం జీపు వెళ్తుంది, ఈలోపు మనసు మారితే చెప్పండి" అంది.

మనసు మారడానికి ముందు దాన్నెవరైనా అడగాలిగా! ఆస్పత్రిలో పన్నెండు మంచాలు చూసుకుంటే డ్యూటీ అంటారు, ఇంట్లో రెండు మంచాలు చూసుకుంటే మాత్రం "నువ్వు చేసేదేముందే" అంటారు. పిల్లలు లేని ఇంట్లో ఇంత పని ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుందో ఆవిడకి ఎప్పుడూ అంతు పట్టలేదు. పెళ్ళైన కొత్తలో కోపమొచ్చేది. తర్వాత ఏడుపొచ్చేది. ఈమధ్య ఆయన నోరు తెరిస్తే చాలు, గడువు దాటిన మందుసీసా చూసినట్టుంటోంది. పారెయ్యడానికి పెద్ద ఆలోచనేం అక్కర్లేదు, చెయ్యి రావాలి, అంతే.

ఆ రోజు అందర్నీ క్యాంపుకి తీసుకెళ్ళి, ఒక్కొక్కర్ని ఒక్కొక్కరి ముందు కూచోబెట్టారు. బి-కాంప్లెక్స్ గారి ముందు ఓ ముసలామె. దారిలో కొడుకు తప్పిపోయాడని చెబుతూ చెబుతూ ఆగిపోయింది. మన వాడు తల ఊపాడు. ఊపి, "విరేచనం సాఫీగా అవుతోందా?" అనడిగాడు. అడిగి, జేబులోంచి బిళ్ళ తీశాడు.

"కాంపౌండరుగారూ! ఆవిడని ఒక్క నిమిషం ఏడవనియ్యండి" అంది మేడమ్. "రేపు అందరూ ఒక్కో కేసు చెప్పాలి. ఈసారి మాత్రం విని రండి, బాబూ."

దాంతో ఇంటికొచ్చాక పెద్దమనిషికి కంగారు పట్టుకుంది. వంటింట్లోకి కుర్చీ లాక్కొచ్చుకున్నాడు.

"ఏమే, నువ్వు కాందిశీకురాలివనుకో. ఏదో ఒకటి చెప్పు. నేను వింటాను."

ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తకుండానే మొదలెట్టింది.

"నా ఊరొదిలి వచ్చేసి చాలా ఏళ్ళయింది, బాబుగారూ. వచ్చిన చోట నన్ను ఉండనిచ్చారు. అందుకు వాళ్ళకి నేనెప్పుడూ రుణపడి ఉండాలట. స్నానానికి వెళ్తే తలుపు కొడతారు. నాకు ఫోనొస్తే ముందు వాళ్ళు మాట్లాడతారు. నేను కంచం ముందు కూచునే సరికి ఎవరో ఒకరికి మంచినీళ్ళు కావాలి. నాకేది ఇష్టమో నన్నడగరు, వాళ్ళే చెప్పేస్తారు. ఏడుపొస్తే ఉల్లిపాయలు తరుగుతాను, ఎవరూ అడగరు కదా అని."

ఆయన తల సరిగ్గా కావలసినంతే ఊపాడు.

"మీ బాధ నాకు అర్థమైందమ్మా" అన్నాడు. తర్వాత కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. "అబ్బో! ఎంత బాగా నటించావే! కన్నీళ్ళు కూడా తెప్పించుకున్నావు! అమ్మా, నీ కోడలు సినిమాల్లో ఉండాల్సింది!"

"ముందు కూర సంగతి చూడమను" అంది అత్తగారు.

"సరే, గొంతెండిపోయింది. మంచినీళ్ళియ్యి" అన్నాడాయన.

ఇచ్చింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆయన గటగటా తాగుతుంటే, గొంతులో పైకీ కిందికీ ఆడే ఆ ముడి చూస్తూ నిలబడింది. ఈ మనిషికా ఇన్నాళ్ళూ భయపడ్డాను అనుకుంది.

ఆఖరి రోజు. అందరూ కేసులు చెబుతున్నారు. బి-కాంప్లెక్స్ వంతొచ్చింది. లేచి గొంతు సవరించుకున్నాడు.

"మూడో వరుస టెంటులో ఒకావిడ, మేడమ్" అంటూ ఎత్తుకుని, స్నానాల తలుపు దగ్గర్నించి ఉల్లిపాయల దాకా ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నర్సమ్మ పక్కన కూచున్న ఆయా కొంగుతో కళ్ళొత్తుకుని, "పాపం, ఆ తల్లి ఎవరో గానీ పోయి పోయి మన బి-కాంప్లెక్స్ చేతిలో పడింది" అని గొణిగింది.

"చాలా బాగా విన్నారు" అంది మేడమ్ ఆశ్చర్యంగా. "ఆవిడకి మీరేం చెప్పారు?"

"ధైర్యం చెప్పాను మేడమ్. ఆడదన్నాక సర్దుకుపోవాలమ్మా అన్నాను. ఓ బిళ్ళ కూడా ఇచ్చాను."

"ఎక్కడ ఉండాలనుందో అడిగారా?"

ఆయన నవ్వాడు. "ఆవిడకేం తెలుస్తుంది మేడమ్!"

నర్సమ్మ లేచి నిలబడింది.

"మూడో వరుస టెంటులో ఎవరూ లేరు మేడమ్. అవన్నీ మా వంటింట్లో నేను చెప్పిన మాటలు. ఈయన నటన అనుకున్నారు."

"ఏమే! కూచో! ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం!" ఆయన మొహం కందగడ్డయింది. చుట్టూ చూసి, పళ్ళికిలించాడు. "మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ..."

ఒక్కరూ నవ్వలేదు. ఆయా మటుకు ఆయన వంక నోరు తెరుచుకుని చూస్తోంది. నర్సమ్మ ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు.

"నాకు క్యాంపులో ఉండాలనుంది" అంది. "జీపు ఎన్నింటికి, మేడమ్?"