నిమ్మకాయ పెట్టే చోటు లేని బండి

నిమ్మకాయలు చేతిలో పట్టుకుని హొన్నమ్మ బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు నలగకపోతే దిష్టి పోదు. తీరా వంగి చూస్తే చక్రాలే కనబడలేదు.

"చక్రాలు యాడమ్మీ?"

"ఉండవు మా. ఇది తేలతాది," అంది కూతురు నయన.

క్యాతగానచెర్లు ఊరి దగ్గర సోలార్ పలకల నడుమ ఒక కంపెనీ వేసిన షెడ్డులో నయనకు ఉద్యోగం. ఆ బండిలో కూర్చునే మొదటి మనిషి తానేనని పొద్దున సంగటి తింటూ చెప్పింది. అప్పటినుంచీ తల్లికి ముద్ద దిగలేదు.

బండి కాళ్లు దారిగా కట్టిన సిమెంటు దిమ్మెను రెండు పక్కలా చుట్టుకుని దాని కిందికి వంగి ఉన్నాయి. ఆ కాళ్లలోని కరెంటు అయస్కాంతాలు తమ పైన, దిమ్మె అడుగున బిగించిన ఇనుప పట్టాను అందుకోబోతూ బండిని లేపుతాయనీ, అంటుకోకుండా ఒక యంత్రం క్షణక్షణం కరెంటును సరిచేస్తుందనీ నయన చెప్పింది. రాపిడి లేదు కాబట్టి అరుగుదల తక్కువ, వేగం ఎక్కువ. కాకపోతే ఉన్న రైలు పట్టాలు పనికిరావు, దారంతా కొత్తగా కట్టాలి, ఖర్చు కొండంత. హొన్నమ్మ చెవికెక్కింది ఒక్కటే, కరెంటు.

"మబ్బు పడితే ఈడ కరెంటు తగ్గేది నేను చూడలేదా? నువ్వు పైనుండగా పోతే ఏంది గతి?"

బండిలో బ్యాటరీ ఉందనీ, ఇసుక మూటలు పెట్టి ఎన్నోసార్లు చూశామనీ ఇంజనీరు ఉమేశ్ నచ్చజెప్పాడు. ఇసుక మూటను ఎవరు కన్నారని హొన్నమ్మ అడిగింది. కొంగు నడుముకు దోపి, బండెక్కి కూర్చుంది.

"ముందు నన్ను లేపు సారూ. మద్దెలో కరెంటు తీసేయ్. పడితే నేనే పడతా."

ఉమేశ్ నయన వైపు చూశాడు. నయన తల్లికి బెల్టు బిగించింది.

హొన్నమ్మ కళ్లు మూసుకుని కుదుపు కోసం కాచుకుంది. కుదుపు రాలేదు. కళ్లు తెరిస్తే సోలార్ పలకలు వరసగా వెనక్కి జరిగిపోతున్నాయి. కదులుతున్నది తానేనని తెలియడానికి కాసేపు పట్టింది. నిద్రపోయే బిడ్డను లేవకుండా ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకున్నట్టుంది. వంగి చూస్తే బండి కాలికీ ఇనుప పట్టాకూ మధ్య వేలి మందం సందు. ఆ సందులోంచి ఎండ కనబడుతోంది. ఇంత బరువునూ ఏదీ ముట్టుకోవడం లేదు.

కరెంటు తీయమని ఉమేశ్ చెయ్యెత్తాడు. కరెంటు పోయింది. బండి మాత్రం అలాగే తేలుతూ నెమ్మదించి, ఆగి, గొర్రె మోకాళ్లు మడిచి పడుకున్నట్టు మెల్లగా దిగింది.

నయన పరుగున వచ్చి బెల్టు విప్పబోయింది. హొన్నమ్మ దిగలేదు. పక్కకు జరిగి కూతురికి చోటిచ్చింది.

"కూచో మ్మే. ఇంగోసారి లేపమను."